అమ్మకు చూపించిన ఉల్క

గుడ్లవల్లేరు దగ్గర ఒక కాలేజీలో లోహశాస్త్రం ల్యాబ్ చూస్తుంటాను. ఓసారి తోటి లెక్చరర్ ఒకరు అగ్గిపెట్టెంత ఇనుప ఉల్క ముక్క తెచ్చి ఇచ్చారు. అలాంటిదాన్ని అద్దంలా నునుపు చేసి, పల్చటి యాసిడ్ రాస్తే లోపలి నిర్మాణం బయటపడుతుంది. ఆ రోజు అమ్మను కూడా గుడివాడ నుంచి బస్సులో వెంటబెట్టుకెళ్లాను. చల్లపల్లిలో మా కొలిమి దగ్గర నాన్న పక్కన ముప్పై ఏళ్లు సమ్మెట కొట్టిన మనిషి. నాన్న పోయాక ఇనుము ఊసే ఎత్తడం మానేసింది.

యాసిడ్ రాసిన కాసేపటికి ఆ బూడిదరంగు మీద గీతలు తేలాయి, ఒకదాన్నొకటి కోసుకుంటూ, చాప అల్లినట్టు. అమ్మ ముక్కు ఆనేంత దగ్గరగా వంగింది.

"దీన్ని ఎవరు కొట్టారే?"

"ఎవరూ కొట్టలేదమ్మా. చల్లారేటప్పుడు దానంతటదే ఇలా అయింది."

ఎప్పుడో పగిలిపోయిన ఓ చిన్న గ్రహం కడుపులోని ఇనుమని, అందులో నికెల్ కలిసి ఉంటుందని చెప్పాను. చల్లారుతుంటే నికెల్ తక్కువున్న ఇనుము పట్టీలుగా విడిపోతుంది. ఎంత నిదానంగా చల్లారితే పట్టీలు అంత వెడల్పవుతాయి.

"ఒక్క డిగ్రీ చల్లబడ్డానికి వేల ఏళ్లు పట్టి ఉంటుందమ్మా."

"మనం నీళ్లలో ముంచితే చుయ్‌మని అయిపోయేది," అని నవ్వింది. "మళ్లీ కొలిమిలో పెడితే?" అంది.

"గీతలన్నీ చెరిగిపోతాయి."

"వద్దులే. ఉండనీ."

తిరిగొస్తూ బస్సులో అడిగింది: "మన కొడవలి చూసినా ఎలా చల్లారిందో ఇలాగే తెలుస్తుందా?"

మర్నాడు నాన్న చేసిన కొడవలి ఒకటి, మొన విరిగింది, పాత చీరముక్కలో చుట్టి ఇచ్చింది. చిన్న ముక్క కోసి మైక్రోస్కోప్ కింద చూశాను. అంచున సన్నని సూదుల్లాంటి నిర్మాణం. సరైన వేడి మీద, చటుక్కున చల్లార్చిన గుర్తు. వీపు వైపు అది లేదు. ఫొటో తీసి సాయంత్రం అమ్మకు చూపించాను.

"అంచు వరకే ముంచాడమ్మా. వేడి కూడా భలే కుదిరింది. నాన్న పనితనమే వేరు."

అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"చెయ్యి ఆయనదే. ఇనుము ఎరుపు చూసి వేడి సరిపోయిందని చెప్పింది మాత్రం నేను. ఆ మంటకి మీ నాన్న చూపు ఎప్పుడో మందగించింది. నేను ఊఁ అంటే ఆయన ముంచేవారు. తెలిస్తే జనం పని ఇవ్వరని ఎవరికీ చెప్పలేదు."

ఆ కొలిమి పక్కనే పెరిగాను. నాకూ తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తర్వాతి వారం ల్యాబ్‌లో పిల్లలు ఉక్కు కడ్డీ వేడిచేస్తున్నప్పుడు అమ్మకు కుర్చీ వేయించాను. ఫర్నేస్ తలుపు తీయగానే, మీటర్ వైపు చూడకుండానే, "ఇంకాస్త ఉండాలండీ," అంది. పిల్లలు నా వైపు చూశారు. ఆవిడ చెప్పినట్టే చెయ్యమన్నాను.