మా షెడ్డు పుస్తకంలో ‘ఇంటికి వెళ్లెను’

ఈ రోజు నష్టపరిహారం కేసులో ఏసురత్నం తరఫున సాక్ష్యం చెప్పడానికి ఏలూరు లేబర్ ఆఫీసుకి వెళ్లాను. ఆకివీడు దగ్గర మా చేపల ప్యాకింగ్ షెడ్డులో అతను లోడింగ్ మనిషి, నేను గుమస్తాని. పోయిన వేసవిలో ఐసు నీళ్ల మీద కాలు జారి, చేపల ట్రేతో సహా లారీ మీంచి పడ్డాడు. నా కళ్ల ముందే. అప్పట్నుంచీ నడుం వంగడం లేదు.

యజమాని గారి లాయరు నా రోజువారీ పుస్తకమే తెరిచాడు.

“‘ఏసురత్నం మధ్యాహ్నం ఇంటికి వెళ్లెను.’ ఈ రాత మీదేనాండీ?”

“నాదేనండీ.”

“మరి దెబ్బ మాట ఎక్కడుందండీ? నడుంనొప్పి వయసుతో కూడా వస్తుంది కదా!”

ఏసురత్నం నా వైపు తిరిగాడు. “ఏవండీ గుమస్తా గారూ, నేను నడిచెళ్లానాండీ? మీరూ ఇంకో నలుగురూ కలిసి ఆటోలో పడుకోబెట్టలేదా?”

ఒళ్లు మండిపోయింది. లాయరు మీద కొంత, నా మీద ఎక్కువ. దెబ్బ అనే మాట పుస్తకంలోకి రాకూడదన్నది యజమాని గారి పద్ధతి. పదకొండేళ్లుగా నోరు మూసుకుని అలాగే రాశాను.

“జ్వరమొస్తే ‘సెలవు’ అని రాస్తామండీ. పనిలో దెబ్బ తగిలితేనే ‘ఇంటికి వెళ్లెను’ అని రాస్తాం. అలా వెళ్లిన వాళ్లందరి పేర్లూ చదవమంటారా?” అన్నాను.

ఆఫీసరు గారు ఆ మాట రాయించి, నాచేత సంతకం పెట్టించుకున్నారు.

సాయంత్రం యజమాని ఫోన్ చేసి, రేపట్నుంచి రావద్దన్నారు. పుస్తకంలో నా పేరు పక్కన కూడా ‘ఇంటికి వెళ్లెను’ అనే రాయిస్తారేమో. మీరు పనిచేసే చోట దెబ్బని ఏమని రాస్తారండీ?