ఏడో నంబరు మంచం

నా చిన్నప్పుడు నాకు సూదంటే ఎంత భయమో, బుద్ధికి నేనంత దూరం. ఆ రెండూ కలిసి ఒక ప్రాణం మీదికి తెచ్చాయి. ఇంత వయసొచ్చాక ఒప్పుకోవడం గొప్పేమీ కాదు గాని, ఒప్పుకోకుండా పోవడం మరీ సిగ్గుచేటు.

తొమ్మిదో ఏట ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, మా కోనసీమలోనే ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డులో పడ్డాను. నాది ఏడో నంబరు మంచం. ఎనిమిదిలో అంతర్వేది నుంచి వచ్చిన పడవవాళ్ళ కుర్రాడు, ఉబ్బసం మనిషి. నాకు పూటపూటా వేసే పెన్సిలిన్ వాడికి బొత్తిగా పడదు. ఆ సంగతి వాడి కాగితం మీద ఎర్రసిరాతో ఉంది. అంతకంటే గట్టిగా మా వార్డు సిస్టర్ గారి బుర్రలో ఉంది.

ఒక పొద్దున్న ఆవిణ్ణి కుటుంబ నియంత్రణ శిబిరానికి పంపేస్తూ, పురుళ్ళ వార్డు నర్సమ్మగారిని మా దగ్గర వేశారు. గుమ్మంలో ఆవిడ పెద్ద డాక్టరుగారిని బతిమాలడం నేను విన్నాను.

“పిల్లలెవరో నాకు తెలీదండీ. పాత సిస్టర్ గారు ఒక్క గంట నాతో తిరిగితే ముఖాలు తెలుస్తాయండీ.”

“ముఖాలెందుకమ్మా, పెళ్ళిచూపులా? మంచానికి నంబరుంది, నంబరుకి కాగితముంది. వెళ్ళి పొడువు.”

“ఆయ్, అలాగేనండీ,” అన్నారావిడ.

అప్పటికే నేనూ ఎనిమిదో మంచం కుర్రాడూ మంచాలు మార్చుకున్నాం. ఫ్యాను గాలి నా మంచానికే తగులుతుందని వాడు మోజుపడితే, ఒక జామకాయకి ఒప్పుకున్నాను. వాడు బోర్లా పడుకుని నిద్రపోయాడు. నర్సమ్మగారు ఏడో నంబరు కాగితం చూసి మందు నింపుతుంటే నాకు అర్థమైంది, నా సూది వాడికి పడబోతోందని. వాడికది పడదన్న మాట నేను విన్నదే. పడకపోతే ఏమవుతుందో తెలీదు. ఈ పూటకి తప్పించుకున్నానని దుప్పట్లో మొహం దాచుకుని నవ్వుకున్నాను.

పది నిమిషాలు కాలేదు. వాడి పెదాలు ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, ఊపిరి అందక మంచంకోడు పట్టుకుని లేచాడు. అప్పుడు పెట్టాను కేక. ఆవిడ పరుగున వచ్చి విరుగుడు సూది వేసి, సాయంత్రం దాకా వాణ్ణి గుండెకానించుకునే కూర్చున్నారు. వాడు బతికాడు. ఆవిడ ఉద్యోగం బతకలేదు.

ఆవిడ వెళ్ళిపోయే రోజు నిజం చెప్పేశాను. తిడతారనుకున్నాను.

“మంచాలు మార్చుకోడం పిల్లల పని బాబూ. పేరడిగి సూది వెయ్యడం నా పని. నేనడగలేదు,” అన్నారు.

పెద్ద డాక్టరుగారు అన్న మాట మాత్రం ఆవిడ ఎత్తలేదు. విచారణకొచ్చినవాళ్ళకి నేను చెబుదామంటే, “పెద్దాళ్ళ గొడవ, నీకెందుకురా?” అని నాన్నగారు నోరు మూయించారు. మూసుకోవడం నాకూ హాయిగానే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఈనాటికీ ఎవరు సూది పట్టుకొచ్చినా, అడక్కపోయినా ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పేస్తాను. ఛాదస్తం అంటారు మా వాళ్ళు.

చాలా ఏళ్ళకి, ఆ డాక్టరుగారికి కొత్తపేటలో పదవీ విరమణ సన్మానం చేశారు. పాత రోగిగా నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. రెండే చెప్పాను. ఆవిడ అడిగింది ఒకటి, ఆయన అన్నది ఒకటి. ఆ తర్వాత ఏమైందో చెప్పి, అందులో నా వంతు కూడా చెప్పి దిగిపోయాను. చప్పట్లు కొట్టాలో మానాలో తెలియక సభంతా అలాగే కూర్చుంది.