చక్రాల ఇంట్లో అత్తయ్య

ఇల్లు నడవడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నేను చూడటమే కాదు, స్వయంగా నడిపించాను. అదీ లోపల మా అత్తయ్య పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉండగా. తలుచుకుంటే ఇప్పటికీ నా అరికాళ్ళలో చెమట పడుతుంది. మీరు మాత్రం హాయిగా నవ్వుకోండి, అందుకే చెబుతున్నాను.

ముందు మా మామయ్య గురించి చెప్పాలి. ఆయనది గురజాల దగ్గర ఒక పల్లె. ఒకసారి సర్పంచిగా చేశారు. పదవి పోయింది కానీ గొంతు అలాగే ఉండిపోయింది. ఎవరినైనా సరే నోరారా మెచ్చుకునే మనిషి. ఎదుటి పార్టీ వాణ్ణి మెచ్చుకుంటారు, పక్కింటివాళ్ళ గేదెను మెచ్చుకుంటారు, వినుకొండలో ఉండే మా తోడల్లుణ్ణి అయితే భోజనం మానేసి మరీ మెచ్చుకుంటారు. నా మాట వచ్చేసరికి మాత్రం "ఆఁ, ఉన్నాడులే" అంటారు. అప్పటికి పెళ్ళయి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా నేను అలా ఉన్నానంతే.

నరసరావుపేటలో నాకు బోరు మోటార్ల స్పేర్ పార్టుల కొట్టుంది. మామయ్య పొలంలో మోటారు మూడుసార్లు కాలిపోతే మూడుసార్లూ నేనే దగ్గరుండి బాగుచేయించాను. మూడుసార్లూ ఆయన ధారగా పడుతున్న నీళ్ళ వంక చూసి, "ఈ మధ్య కరెంటోళ్ళు బాగా పనిచేస్తన్నారు" అన్నారు. ఏం చెప్పమంటారు?

అలాంటి రోజుల్లో ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. సాగర్ జలాశయం ఒడ్డున, ఎత్తిపోతలకు పోయే దారిలో, కొత్తగా కారవాన్ రిసార్టు. కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. లోపలే మంచాలు, పొయ్యి, ఏసీ, బాత్‌రూము అన్నీ ఉంటాయి. దానికి ఇంజను ఉండదు, ట్రాక్టరుతో లాక్కొచ్చి పెడతారు. మా ఆవిడ సుజాతకు చూపించాను.

"బాగుంది గానీ, మా నాన్న రాడు," అంది. "టైగర్‌ను వదిలిపెట్టి పక్కూరు పెళ్ళికే పోడు."

"కుక్కల్ని కూడా రానిస్తారంట."

"అట్టయితే ముందు ఆయనే బయలుదేరతాడు. కానీ ఏవండీ, ఈసారన్నా ఏ తేడా రాకుండా చూడండి."

"చూస్తూ ఉండు. రెండు రోజుల్లో మీ నాన్న నోటితో నన్ను మెచ్చుకునేట్టు చేయకపోతే నా కొట్టు మూసేస్తా!" అని దాదాపు తొడ కొట్టాను. కొట్టుకు ఆ రోజు గండం తప్పిందంటే అది దేవుడి దయ.

టైగర్ అంటే మామయ్య కుక్క. గోధుమ రంగు ఊరకుక్క. పేరుకు పులే కానీ కుక్కరు కూత పెడితే మంచం కింద దూరుతుంది. అయినా మామయ్యకు ప్రాణం. కారులో ముందు సీటు దానిదే, ఎందుకంటే దానికి గాలి తగలాలట. వెనక సీట్లో మామయ్య, సుజాత, వాళ్ళ మధ్య ఒళ్ళో పులిహోర గిన్నె పెట్టుకుని అత్తయ్య. "కుక్క ముందూ, నేను ఎనకా. బాగుందయ్యా వరస," అని మాచర్ల దాటేదాకా అత్తయ్య అంటూనే ఉంది. మామయ్య కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు.

రిసార్టుకు చేరేసరికి పదకొండు దాటింది. మేనేజరు ఎదురొచ్చాడు.

"సార్, మీ అదృష్టం! సరికొత్త బండి. పొద్దున్నే లాక్కొచ్చి పెట్టాం, మీరే మొదటివాళ్ళు. కింద జాకీలు మాత్రం ఇంకా బిగించలేదు, భోజనాలవ్వగానే మా మెకానిక్కులు వస్తారు. ఇక్కడ నేల కాస్త నీళ్ళవైపు వాలుగా ఉంటది. అప్పటిదాకా చక్రాల వెనక రాళ్ళు కదపొద్దు సార్."

"నాకు చెబుతున్నావా?" అన్నాను చిన్నగా నవ్వి. "మాది మోటార్ల కొట్టయ్యా."

ఆ నవ్వును గుర్తుపెట్టుకుని ఇప్పటికీ నా చెంప మీద నేనే ఒకటి వేసుకుంటూ ఉంటాను.

సుజాత మా అందరి ఆధార్ కార్డులూ తీసుకుని ఆఫీసు గదికి వెళ్ళింది. తను మా దగ్గరే ఉంటే నన్ను ఆపేదే. ఇక్కడేమో "మొదటివాళ్ళు" అన్న మాట చెవినపడగానే అత్తయ్య మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"కొత్తింట్లోకి పాలు పొంగించకుండా ఎట్టా పోతాం?"

"ఇల్లేందే?" అన్నారు మామయ్య. "చక్రాలు కనపడతల్లా? ఇది బండి. బండికి కొబ్బరికాయ కొట్టాల, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాల."

"మంచముంది, పొయ్యుంది, ఇల్లు కాదంటావేంది?"

"నంబరు ప్లేటుంది, ఇల్లంటావేంది?"

మేనేజరు మధ్యలో వచ్చి, "మేం పూజ చేయించే తెచ్చామమ్మా," అన్నాడు.

"మీ పూజ మీది నాయనా. పడుకునేది మేము," అంది అత్తయ్య. అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. "దీనికి గొడవెందుకు? లోపల ఇల్లు, కింద బండి. అత్తయ్య లోపల పాలు పొంగిస్తారు. మామయ్య ముందు నిలబడి కొబ్బరికాయ కొడతారు. నిమ్మకాయల సంగతి నేను చూసుకుంటాను."

మామయ్య నా వైపు తిరిగి పైకీ కిందకీ చూశారు. "ఆఁ… బాగానే చెప్పాడు," అన్నారు.

బాగానే! ఆరేళ్ళలో మొదటిసారి "బా" అనే అక్షరం నా కోసం ఆ నోటినుంచి రాలింది. నా ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీ ఒకటి వదులైంది. ఇంకొక్క అడుగు వేస్తే పూర్తి మెప్పు దొరికినట్టే. నిమ్మకాయలు తొక్కించడం ఎంతసేపు పని!

కొబ్బరికాయ, కర్పూరం, పాలపొట్లం అన్నీ అత్తయ్య సంచిలో ఉన్నాయి. ఆమె ఎక్కడికెళ్ళినా చిన్న గుడి వెంట తెచ్చుకుంటుంది. పాలగిన్నె చేతబట్టి లోపలికి వెళ్ళింది. పాలు కనపడగానే టైగర్ కూడా వెనకాలే దూరింది. మామయ్య బండికి ముందువైపు, ట్రాక్టరుకు తగిలించే కొక్కెం దగ్గర నిలబడి, కొబ్బరికాయ రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన దణ్ణం చిన్నది కాదు. ఊళ్ళో దేవుళ్ళందరినీ పేరుపేరునా పలకరించి, ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళకు పోతారు.

నేను రెండు నిమ్మకాయలు పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాను. చూస్తే, నిమ్మకాయ పెట్టాల్సిన చోట రాయి ఉంది.

ఇప్పుడు మీరు అడుగుతారు, మేనేజరు మాట గుర్తు రాలేదా అని. వచ్చింది. నిక్షేపంగా వచ్చింది. కానీ నా బుర్ర ఏం చెప్పిందంటే, రాయి తియ్యి, నిమ్మకాయ పెట్టు, బండి జానెడు జరిగి కాయ నలగగానే మళ్ళీ రాయి పెట్టెయ్యి, కదిపినట్టు ఎవరికీ తెలియదు. ఇంజను లేని బండిని జానెడు ఎలా జరపాలి అన్నది ఒక్కటే నన్ను వేధించిన సమస్య. ఆ సమస్యను బండే పరిష్కరించింది.

ఎడమ చక్రం వెనక రాయి తీశాను. నిమ్మకాయ పెట్టాను. ఏమీ కాలేదు. చూశారా, అనవసరంగా భయపెడతారు అనుకున్నాను. కుడి చక్రం దగ్గరికెళ్ళి నిమ్మకాయ పెట్టి, రెండో రాయి చేతిలోకి తీసుకున్నాను. బండి ఒక్కసారి నిట్టూర్చింది. చిటుక్కుమని కాయ నలిగింది.

"నలిగింది మామయ్యా!" అని ఆనందంగా కేకేశాను.

జానెడు జరిగింది. తర్వాత మూరెడు. తర్వాత బారెడు. నేను చేతిలో రాయితో అలా చూస్తూ ఉండిపోయాను.

మామయ్య కళ్ళు తెరిచారు. ఎదురుగా ఇల్లు లేదు. వెనక్కి వెనక్కి నీళ్ళవైపు పోతోంది. ఆయన కొబ్బరికాయ వదిలేసి, సర్పంచి గొంతు మొత్తం విప్పి అరిచారు.

"టైగరూ! ఒరేయ్ నాయనా టైగరూ! దూకరా!"

నేను రాయి పారేసి పరుగెత్తి కొక్కెం పట్టుకుని వెనక్కి లాగాను. అది నన్ను ముందుకు లాగింది. వేగం పెద్దదేం కాదు, ఎద్దుల బండి నడకే. కానీ ఎద్దులైతే ఆగమంటే ఆగుతాయి. ఇంతలో కిటికీలోంచి అత్తయ్య తల బయటికి వచ్చింది.

"అల్లుడూ! ఇదేందయ్యా, చెట్లు పోతన్నాయి?"

"చెట్లు కాదత్తయ్యా, మీరే!"

"నేను యాడికి?"

ఎక్కడికో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దారిలో చెట్టుకింద మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక కుటుంబం భోజనాలకు కూర్చుని ఉంది. అందులో ఒక భారీ ఆసామి లేచి, "అరె, గా ఇల్లు ఉరుకుతున్నది! జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అందరినీ పక్కకు తోశాడు. తను మాత్రం కంచం వదల్లేదు. చక్రాల ఇల్లు వాళ్ళు ఆరేసుకున్న తువ్వాలు ఒకటి తగిలించుకుని సాగిపోయింది. ఆయన తువ్వాలు కోసం, మామయ్య టైగర్ కోసం, నేను నా బతుకు కోసం, అందరం దాని వెనక పరుగు.

నీళ్ళు ఇంకో పదడుగులుండగా ఒడ్డున బురద వచ్చింది. చక్రాలు అందులోకి మెత్తగా దిగిపోయాయి. ఇల్లు ఆగింది.

నవ్వులాటగా చెబుతున్నాను కానీ, ఆ తలుపు తెరుచుకునేదాకా నా గుండె నా దగ్గర లేదు. అత్తయ్యకేమన్నా అయితే నన్ను నేను ఏం చేసుకోవాలో కూడా తోచలేదు.

తలుపు తెరుచుకుంది. ముందు టైగర్ దిగింది. ఒళ్ళంతా పాలు. మూతి నాక్కుంటూ, తోక ఊపుకుంటూ వచ్చింది. ఇంత మంచి పూజ దాని జన్మలో చూసి ఉండదు. వెనకే ఖాళీ గిన్నెతో అత్తయ్య. ఒక్క గీత కూడా పడలేదు. ఇంకా పొయ్యి వెలిగించలేదట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

మామయ్య బురదలో మోకాళ్ళ మీద కూర్చుని టైగర్‌ను కావలించుకున్నారు. "దెబ్బేమన్నా తగిలిందా నాయనా?" అత్తయ్య మెట్టు మీద నిలబడి ఇదంతా చూస్తూ ఉంది.

అంతలో మేనేజరూ, సుజాతా పరుగెత్తుకొచ్చారు. మామయ్య అతని మీద విరుచుకుపడ్డారు. "ఏందయ్యా మీ బళ్ళు! చక్రాల కింద రాళ్ళు సరిగ్గా పెట్టడం తెలవదా?"

"పొద్దున నేనే దగ్గరుండి పెట్టించాను సార్…" అతను బుర్ర గోక్కున్నాడు. నేను ఆకాశంలో కొంగలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

"రాళ్ళ సంగతి ఆనక," అంది అత్తయ్య. "ముందు నువ్విట్టా రావయ్యా. ఇల్లు పోతన్నప్పుడు నువ్వు ఎవర్ని పిలిచావు?"

మామయ్య తడబడ్డారు. "నిన్నే."

"నా పేరు టైగరా?"

"ముందు నిన్నే పిలిచానే! ఆ తర్వాత దాన్ని పిలిచా."

"ముప్పై ఐదేళ్ళు వండిపెట్టా. చివరికి నేను కుక్క తర్వాతా?" అత్తయ్య గొంతు నిజంగానే వణికింది.

మిర్యాలగూడ ఆసామి తువ్వాలు దులుపుకుంటూ, "మాకైతే టైగరనే ఇనబడ్డదమ్మా," అన్నాడు.

మామయ్య అతన్ని కొరకొరా చూశారు. తర్వాత చుట్టూ చూశారు. చూపు నా దగ్గర ఆగింది. మెల్లగా నడిచి వచ్చి, ఆరేళ్ళలో మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేశారు.

"మా అల్లుడు అక్కడే ఉన్నాడు. ఆయన చెప్తాడు. చెప్పయ్యా, ముందు ఎవర్ని పిలిచా?"

ఆయన! విన్నారా? నేను "ఆయన" అయ్యాను! ఆ క్షణంలో నన్ను సూర్యుడు పడమర పొడుస్తాడని చెప్పమన్నా చెప్పేవాణ్ణి.

"మిమ్మల్నే పిలిచారు అత్తయ్యా," అన్నాను గంభీరంగా. "నా చెవులారా విన్నాను."

"అంత గోలలో నీకెట్టా వినపడింది అల్లుడూ?"

అక్కడ ఆగాలి. బుద్ధున్నవాడెవడైనా ఆగుతాడు. కానీ సాక్ష్యం చెప్పేటప్పుడు వివరాలు ఉంటే బలంగా ఉంటుందని నాకు తోచింది.

"గోల మొదలవకముందే అత్తయ్యా! నేను చక్రం దగ్గరే కూర్చున్నాను కదా. రెండో రాయి తీసి ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాను, సరిగ్గా అప్పుడే మామయ్య…"

అందరూ నన్నే చూస్తున్నారు. మేనేజరు రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దణ్ణం పెట్టాడు. సుజాత ఆధార్ కార్డులతో నెత్తి కొట్టుకుంది. "ఏవండీ!"

"రాళ్ళు తీసింది నువ్వా?" అంది అత్తయ్య.

నా భుజం మీద మామయ్య వేళ్ళు బిగిశాయి. ఆయన మొహంలో రంగులు మారడం నేను పక్కనుంచి చూశాను. నన్ను తిట్టాలి. తిడితే ఉన్న ఒక్క సాక్షీ పోతాడు. పళ్ళు కొరుక్కుని, సభలో మాట్లాడినట్టు మొదలుపెట్టారు.

"తీశాడే! తీస్తే తీశాడు. నిమ్మకాయలు పెట్టమంది నేనే కదా! తన తప్పు తనే నలుగుర్లో ఒప్పుకున్నాడు, సూడు! తన మీదకొచ్చే మాటే దాచుకోనోడు, నా గురించి అబద్ధం ఆడతాడా? లక్షమందిలో వెతికినా ఇట్టాంటి అల్లుడు దొరకడే!"

అదీ సంగతి. ఆరేళ్ళు కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగినా దొరకని మెప్పు, మోకాలి లోతు బురదలో, మిర్యాలగూడ జనం ఎదుట నాకు దక్కింది.

అత్తయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "దొంగసచ్చినోళ్ళు ఇద్దరూ ఒకటయ్యారు," అని మెట్లు దిగి, కారులో ఉన్న పులిహోర గిన్నె తీసుకుని, "రావే సుజాతా. టైగరూ, నువ్వు కూడా రా," అని వెళ్ళిపోయింది. మామయ్యా నేనూ ట్రాక్టరు వచ్చేదాకా అక్కడే ఆకలితో నిలబడ్డాం. మేనేజరుకు వంద సార్లు క్షమాపణ చెప్పాను. అతను నవ్వేసి, మేమున్న రెండు రోజులూ మా బండి దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టాడు.

ఆ బురదలోనే కృష్ణమ్మకు ఎదురుగా నిలబడి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ చక్రం కింద రాయినీ తీయను, తీసేవాణ్ణి చూస్తే చెయ్యి పట్టుకుని ఆపుతాను, పక్కన రాయి ఊరికే పడి ఉన్నా నమస్కారం పెట్టి తప్పుకుంటాను. దొంగసాక్ష్యం సంగతి మాత్రం ప్రమాణంలో చేర్చలేదు. మామయ్యకు మళ్ళీ ఎప్పుడు అవసరం పడుతుందో ఏమో!