క్రేను ఎక్కించిన ఛా ఛా ఛా

అప్పలసూరి నేల మీద ఉన్నంతసేపూ మామూలు మనిషే. రేషను దుకాణం దగ్గర వెనకొచ్చిన వాళ్లు ముందుకి దూరిపోతారు. బస్సులో ఎవరూ జరిగి చోటివ్వరు. కానీ హిందీ మాట్లాడే ఊళ్లోని ఆ ఉక్కు ప్లాంటులో, ఉక్కు కరిగించే షాపులో అరవై ఎనిమిది ఇనప మెట్లెక్కి క్రేను కేబినులో కూర్చున్నాడంటే మాత్రం ఆయన వేరే మనిషి. కింద కుతకుతలాడే ఉక్కు బకెట్టు ఆయన చెయ్యి కదిపితే కదులుతుంది, ఆపితే ఆగుతుంది. పెద్ద ఇంజనీరంతటి వాడు మెడ రిక్కించి పైకి చూస్తూ "సూరీ భయ్యా, జరా ధీరే!" అని బతిమాలుకుంటాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ బతిమాలించుకోవడానికి రుచి మరిగిన ప్రాణం ఆయనది.

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో క్రేను వాళ్లకి విడతలుగా వైద్య పరీక్షలు మొదలయ్యాయి. అప్పలసూరి ఎక్కితే తూకం ముల్లు తొంభై ఆరు దగ్గరికి పోయి ఊగింది. రక్తపోటు అంకె చూసిన కుర్ర డాక్టరు, నమ్మలేక పట్టీ విప్పి మళ్లీ కట్టాడు.

"ఊపర్ నహీఁ జాయేంగే. తీన్ మహీనా బాద్ ఆనా, దస్ కిలో కమ్ కర్‌కే" అన్నాడు. పది కిలోలు తగ్గేదాకా, మూడు నెలలు క్రేను ఎక్కకూడదని కాగితం మీద రాసి సంతకం గీకేశాడు.

అంతటితో అప్పలసూరి కిందకి దిగిపోయాడు. షాపు గుమ్మంలో చిన్న కిటికీ ఉంది. దాని వెనక కూర్చుని వచ్చిన వాళ్లకి తోలు చేతిజోళ్లు అందించడం ఆయన పని. నిన్నటిదాకా మెడలు రిక్కించిన వాళ్లే ఇప్పుడు వంగి కిటికీలోంచి చూసి "ఏటి బాబూ, రెండూ ఎడమ సెయ్యివే ఇచ్చీసినావు?" అని నవ్వి పోతున్నారు.

ఆయన భార్య కన్నమ్మకి నవ్వు రాలేదు. ఇదే షాపులో జగ్గయ్యని నిరుడు ఇలాగే క్రేను దించారు. మనిషి కుర్చీలో కూర్చుని, కూర్చుని, గోడకేసి చూసి, ఏడాది తిరక్కుండా పోయాడు. ఆసుపత్రి వాళ్లు కాగితం మీద గుండె అని రాశారు. ఆయన గుండెకేమైందో జగ్గయ్య పెళ్లానికి తెలుసు, కన్నమ్మకి తెలుసు. అప్పలసూరి వారం రోజులుగా గోడకేసి చూస్తున్నాడు.

ముందు నడిపించి చూసింది. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ ఏడులో మగాడు కాలినడకన పోతే సైకిలు పాడైందని లెక్క. దారిన పోయే ప్రతివాడూ ఆగి "పంచరా?" అని అడిగాడు. కాదని చెప్పడానికి అప్పలసూరి టీ బండి దగ్గర ఆగాడు. టీతో సమోసా తిన్నాడు. నాలుగు రోజులు నడిచాక చూస్తే అరకిలో పెరిగాడు.

అప్పుడు కన్నమ్మకి గాలమ్మ పెట్టె గుర్తొచ్చింది. గాలమ్మంటే గాలీనా, ప్లాంటుకొచ్చిన రష్యా ఇంజనీరు గారి భార్య. రెండేళ్లపాటు ఆవిడ గౌన్లన్నీ కన్నమ్మే కుట్టింది. తిరిగి వెళ్లిపోతూ ఆవిడ ఒక పాటల పెట్టె, దాంతో ఒకే ఒక్క రికార్డు ఇచ్చి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. ఆ రికార్డు మంచేమిటో చెప్పడానికి ముందు తన బుగ్గలు పూరీల్లా పొంగించి చూపించింది, తర్వాత నడుం తిప్పుతూ నాలుగడుగులు వేసి బుగ్గలు లోపలికి పీల్చుకుంది. ఆ ఆట పుట్టిన దేశం పేరు "క్యూబా! క్యూబా!" అని చెప్పింది. కన్నమ్మ దాన్ని హిందీలో బాగుందనే ఖూబ్ అనుకుని "అవునమ్మా, ఖూబ్, ఖూబ్" అంది.

రికార్డు అట్ట మీద బిగుతు బట్టల ఆడవాళ్లు ముగ్గురున్నారు. అప్పలసూరి ముందు దానికి వార్తాపత్రిక చుట్టాడు, తర్వాతే పెట్టె దగ్గర నిలబడ్డాడు. ముల్లు పెట్టగానే ఓ రష్యా ఆడమనిషి "రాజ్, ద్వా, త్రీ" అని లెక్క మొదలెట్టింది.

"ద్వా, త్రీ అంతంది, మంత్రమేటే?" అంటూ అప్పలసూరి చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

మంత్రం అయిపోయి డప్పులు మోగాయి. రెండడుగులు ముందుకి, రెండడుగులు వెనక్కి, ఆ మీద చిన్న చిన్నవి మూడడుగులు. ఆ మూడింటి దగ్గర పెట్టెలోని జనమంతా "ఛా ఛా ఛా!" అని అరుస్తారు. ఆ అరుపుకి నడుం ఎడమకీ కుడికీ కొట్టుకోవాలి. అప్పలసూరికి నడుం ఎక్కడుందో ముందు వెతుక్కోవలసి వచ్చింది. దొరికాక అది ఆయన మాట వినలేదు. కాళ్లు ఆగిపోయాక కూడా పొట్ట ఇంకో రెండు దరువులు ఆడి ఆగేది. గూట్లో గ్లాసులు గణగణమనేవి. పెట్టె గొంతు చాలక, దరువు తప్పినప్పుడల్లా కన్నమ్మే చప్పట్లు కొట్టి గట్టిగా "ఛా! ఛా! ఛా!" అని అందించేది.

తలుపులు, కిటికీలు మూసుకున్నాకే ఇదంతా. షాపులో సగంమంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే వాళ్లు. ఆ పల్లెల్లో నాచా జట్లుంటాయి, మగాళ్లే చీరలు కట్టి, కాటుక పెట్టి, పరీలై, అంటే దేవకన్యలై, ఆడతారు. అప్పలసూరి ఇంట్లో ఆడుతున్నాడని తెలిస్తే ఇక చచ్చేదాకా పరీయే.

"ఎవరికైనా సెప్పినావంటే నాను బతకను" అని కన్నమ్మ చేత ఒట్టేయించుకున్నాడు.

కింది వాటాలో సింహాచలమ్మ ఉంటుంది. రోజూ పొద్దున్న అయిదున్నరకి ఆవిడకి పైనుంచి రెండు సంగతులు వినపడేవి. ఒకటి, దబదబా కాళ్ల చప్పుడు. రెండోది, కన్నమ్మ గొంతు, "ఛా! ఛా! ఛా!" అని. మన ఇళ్లలో వీధి కుక్కని కూడా అన్నిసార్లు ఛా అనరు. వారం తిరిగేసరికి బ్లాకు బ్లాకంతా తెలిసిపోయింది. క్రేను పోయాక కన్నమ్మ మొగుణ్ణి పురుగులా చూస్తోందిట, ఛా అంటూ ఇల్లంతా తరుముతోందిట.

ఆంధ్రా సంఘం పెద్ద పరబ్రహ్మం గారు ఇస్త్రీ పంచెతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సాక్ష్యానికి సింహాచలమ్మ గుమ్మంలో నిలబడింది.

"అమ్మా కన్నమ్మా, భర్త పదవి ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. ఛీత్కారం తగదు తల్లీ" అన్నారాయన.

"నానేటన్నాను బాబూ?"

"నాకు తెల్దనుకున్నావేటొదినా? రోజుకి నూరుసార్లు ఛా అంతన్నావు, నాను ఏళ్లు మడిసి లెక్కెట్టినాను" అంది సింహాచలమ్మ.

కన్నమ్మ మొగుడికేసి చూసింది. ఒక్క మాట చాలు. పెట్టె అక్కడే ఉంది, మీద గుడ్డ తీస్తే చాలు. అప్పలసూరి తల దించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నట్టు ముక్కు తుడుచుకుని "పోన్లెండి బాబూ. దానికీ మనసు బావోలేదు" అన్నాడు. ఆ ఓర్పుకి పరబ్రహ్మం గారు ఆయన భుజం తట్టారు. సింహాచలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒట్టు వేసిన పాపానికి కన్నమ్మ నోరు కుట్టేసుకుంది.

నెలన్నర గడిచింది. పొద్దున్నే చెమటలు కారేలా ఆడుతున్నాడు, రెండే రొట్టెలు తింటున్నాడు, అయినా తూకం ముల్లు తొంభై నాలుగు దిగడం లేదు. కన్నమ్మకి అర్థం కాలేదు. ఒకరోజు చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులో నూనె మరక, పకోడీ ముక్క.

"ఎక్కడిదిది?"

అప్పలసూరి ఒప్పేసుకున్నాడు. సింహాచలమ్మ మెట్ల దగ్గర ఆపి పకోడీలు పెడుతోంది. ఎదురింటి వాళ్లు సున్నుండలు. పరబ్రహ్మం గారింట్లో ఆదివారం గారెలు. పెళ్లాం చేత ఛా అనిపించుకునే మొగుడని జాలిపడి సెక్టరు సెక్టరంతా మేపుతోంది. ఆ జాలి ఎంత రుచిగా ఉందో ఆయన మొహం మీదే ఉంది.

"నా సెడ్డపేరు నువ్వు తింతన్నావన్నమాట" అంది కన్నమ్మ. గొంతు పెంచలేదు. "రేపట్నించి బయట ఒక్క ముక్క ముట్టినావో, కిటికీలు బార్లా తీసి పెట్టె గుమ్మంలో ఎడతాను. ఒట్టు నేదు, గట్టు నేదు."

ఆ రోజు నుంచి అప్పలసూరి మెట్ల దగ్గర ఎవరు పిలిచినా కడుపు నొప్పన్నాడు. దాంతో ఆ మహాతల్లి అన్నంలో ఏదో పెట్టేసిందని ఇంకో పుకారు పుట్టింది. కన్నమ్మ దాన్నీ మోసింది. ముల్లు మాత్రం దిగింది. తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది. మూడు నెలలు నిండేసరికి ఎనభై అయిదు.

పరీక్ష రోజున కన్నమ్మ కూడా వెళ్లి డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుంది. తలుపుకి సగం పరదా. బల్ల నిండా షాపు జనం, వాళ్ల వంతు కోసం. బరువు బాగుంది, రక్తపోటు బాగుంది. చివరికి డాక్టరు ఓ చెక్క పీట చూపించి ఇరవైసార్లు ఎక్కి దిగమన్నాడు. క్రేను మెట్లెక్కే దమ్ముందో లేదో దాంతోనే తేలుతుంది.

అప్పలసూరి పీట ఎక్కాడు, దిగాడు. నాలుగోసారికి భయం పోయింది. ఆరోసారికి కాళ్లు వాటికి తెలిసిన దారి పట్టాయి. రెండడుగులు పైకి, రెండు కిందకి, ఆ మీద నేల మీద మూడు. నడుం ఎడమకీ కుడికీ కొట్టింది. నోరు దానంతటదే అంది, "ఛా ఛా ఛా!"

తనని బాబాయి అన్నాడనుకుని కుర్ర డాక్టరు కలం కింద పెట్టాడు. "చాచా? చాచా కిస్కో బోలా? మైఁ తుమ్హారా చాచా హూఁ?"

"నహీఁ సాబ్, ఓ చాచా నహీఁ, ఏ ఛా ఛా..."

"ఫిర్ కౌన్‌సా చాచా?" డాక్టరు మొహం కందింది. అనుకూలం కాగితం మీద ఇంకా సంతకం కాలేదు. పరదా అవతల మాటలు ఆగిపోయాయి. అప్పలసూరి కాగితం కేసి చూశాడు, పరదా కేసి చూశాడు. అది బరువు తగ్గే డాన్సని చెప్పక తప్పలేదు.

"నాచ్ హై సాబ్. వజన్ కమ్ కర్నే కా నాచ్." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించకుండానే, తనకిష్టం లేకపోయినా పెళ్లామే ఆడిస్తోందని కలిపాడు, "మైఁ నహీఁ చాహతా థా సాబ్. ఘర్‌వాలీ నచాతీ హై."

డాక్టరు నవ్వడానికి కుర్చీ వెనక్కి జరుపుకోవలసి వచ్చింది. మిగతా పద్నాలుగుసార్లూ డాన్సుతోనే ఎక్కించి దిగించి, నాడి చూసి, సంతకం పెట్టాడు. బల్ల మీద జనం కన్నమ్మకి చోటిచ్చినట్టు రెండు వైపులా జరిగారు.

సోమవారం మొదటి షిఫ్టుకి అప్పలసూరి అరవై ఎనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కాడు. కింద ఎవరో "పరీ" అన్నారు. బకెట్టు వాడి నెత్తి మీదుగా కాస్త నెమ్మదిగా పోయింది. ఆ తర్వాత ఎవరూ అనలేదు.

అదే వేళకి కన్నమ్మ వీధి కుళాయి దగ్గరుంది. అక్కడి వాళ్లకి కొత్త మాట దొరికింది.

"ఏటొదినా, అన్నియ్యని ఆడించీసినావట గదా!" అంది సింహాచలమ్మ. అందరూ కిసుక్కుమన్నారు. "మొగుణ్ణి ఆడించీ ఆడోల్లని ఇన్నాను గాని, రికార్డెట్టి ఆడించీదాన్ని నిన్నే సూసినాను."

"అవునొదినా, ఆడించినాను. ఆడించీసి క్రేను ఎక్కించినాను. మీరు మీ వోల్లని ఏటెక్కించినారో సెప్పండి, ఇంతాను."

బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు. ఒకరొకరే సర్దుకుని వెళ్లారు. సింహాచలమ్మ మాత్రం ఉండిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. ఆవిడ భర్త త్రినాథరావు కూడా క్రేను మనిషే.

"మీ తమ్ముడికి వచ్చే నెల పన్నెండున డాక్టరు పరీచ్చకి పిలుపొచ్చినాదొదినా. తొంభై తొమ్మిదున్నాడు. పొద్దున్న మీ ఇంటికి పంపిస్తాను, తలుపేసుకుని..."

"ఇంటికొద్దు. ఇక్కడికి పంపు."

"ఈ కులాయి కాడికా? ఇంత మందిలోనా?"

"నన్ను ఇంత మందిలోనే గదా అన్నారు" అని కన్నమ్మ బిందె చంకనెత్తుకుంది.

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు అయిదున్నరకి త్రినాథరావు లుంగీ ఎగ్గట్టి, నేల చూపులు చూస్తూ కుళాయి దగ్గర నిలబడ్డాడు. మొదటి షిఫ్టుకి పోయే సైకిళ్లన్నీ ఒక్కొక్క కాలు నేలకానించి ఆగాయి. కన్నమ్మ పెట్టెని గట్టు మీద పెట్టి, ముల్లు దించింది.