వీపు మీద మన్ను

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే బస్సులో ఒక ముసలి దొరసాని నా పక్కన కూర్చుంది. మిషను ఆసుపత్రి నర్సు బట్టలు, ఏళ్లుగా మా ఎండకు కమిలిన ముఖం. ఒళ్లో తడిగుడ్డ చుట్టిన పుల్లల కట్ట. దాహమైనప్పుడల్లా మరచెంబు తీసి, ముందు ఆ గుడ్డ తడిపి, తర్వాతే తాను గుటక వేసేది.

"ఏందమ్మా అవి?" అన్నాను.

"ద్రాక్ష కొమ్మలప్పా. మా ఊర్నించి ఓడలో తెప్పిచ్చుకున్యా," అంది, అచ్చం మా మేనత్త మాట్లాడినట్టే.

ఆమెది ఐరోపాలో మంచుకొండల నడుమ చిన్న లోయట. ద్రాక్షసారాకు పనికొచ్చే పండ్లలో అక్కడ ఎన్నో రకాలు: చలికి ఓర్చేదొకటి, ఎండ తగిలే వాలులోనే పండేదొకటి. వాళ్లమ్మ పెంచిన నల్లరకం మాత్రం ఆ లోయ దాటితే ఎక్కడా లేదట.

ముద్దనూరు దాటాక ఒక బోడికొండను చూపించింది. "ఇట్లాంటి కొండమీదే మా తోట. వానకు మన్ను కిందికి జారిపోతాది. చలికాలంలో ఇంటిల్లిపాదీ తట్టలు వీపుకు కట్టుకుని మల్లా పైకి మోస్తాం."

"ఏటేటా?"

"ఏటేటా. మా మన్నే గదప్పా, వాన తీస్కపోతే ఇడ్సిపెడ్తామా?"

తొండూరులో దిగి, గొడుగు కొమ్మలకు పట్టి, తాను ఎండలో నడిచిపోయింది.

ఆ కొమ్మలు ఇక్కడ బతికాయో లేదో తెలియదు. మా చేనూ వాలులోనే ఉంది. పెద్దవాన పడినప్పుడల్లా, మర్నాడు తట్ట తీసుకుని చేని కింద నీళ్లు పారే వంకలోకి దిగుతాను. గట్టున పోయేవాళ్లు నవ్వుతారు.

"ఏం మామా, బంగారం దేవులాడ్తాండావా?"

"లేదప్పా, మా మన్ను," అంటాను.