ఉప్పు గోలెంలో నానిన గడ్డి

వరహాలమ్మకు పిచ్చెక్కిందని కొల్లేటికోటలో మొట్టమొదట చాటింది నేనే. నా పేరు సత్తెమ్మ. చేపలు ఉప్పులో ఊరేసి ఎండబెట్టి బతికేదాన్ని, నోటికి జంకు లేనిదాన్ని. మండు వైశాఖంలో పుట్టగొడుగులు మొలిపిస్తానని ఆ మనిషి ఎండుగడ్డి మోసుకొస్తుంటే నవ్వక ఏం చేస్తారు? ఉరిమితే కదా పుట్టగొడుగు లేచేది!

అది పంతొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం. వరహాలమ్మ మా పక్కింటిది. మొగుడు భీమయ్య ఒక తాటిదోనెనూ, సువర్ణ అనే పిల్లనూ మిగిల్చి పోయాడు. ఆ దోనె వేసుకుని మగాళ్లతో సమానంగా వల వేసేది. ఒకరి గడప తొక్కి చెయ్యి చాపింది లేదు. ఆ ఏడు పదేళ్ల సువర్ణకు టైఫాయిడ్ వచ్చింది. నెల్లాళ్లకు జ్వరం దిగింది గానీ పిల్ల తిండి మానేసింది. చేప వాసన తగిలితే వాంతి. మా ఊళ్లో చేప వాసన లేని చోటెక్కడ? గంజి పోస్తే మూతి తిప్పేది. అడిగింది ఒక్కటే.

"పుట్టగొడుగుల కూర చెయ్యవే అమ్మా. తింటాను."

ఏలూరు డాక్టరుగారు, "జ్వరం పోయిందమ్మా, ఇక తిండే మందు. తినకపోతే నా చేతుల్లో ఏమీ లేదు," అన్నారు. పిల్ల కోరిక చెప్పుకుని ఏడుస్తుంటే కాంపౌండరు భీమడోలు మాట చెప్పాడట. అక్కడ వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు జగన్నాథంగారు గడ్డి మీద పుట్టగొడుగులు పెంచి చూపిస్తున్నారని. మర్నాడే పిల్లను నాకప్పగించి వెళ్లి, ఆయన కాళ్ల మీద పడి, ఒక సీసా తెచ్చుకుంది. సీసాలో తెల్లగా బూజు పట్టిన గడ్డి. అదే విత్తనమట!

చదువు రాని మనిషి, ఆయన చెప్పినదంతా దారి పొడుగునా అప్పజెప్పుకుంటూ వచ్చింది. గడ్డికట్టలు ఒక రోజు మంచినీళ్లలో నానాలి. నీడలో ఇటుకల మీద తడిక వేసి, కట్టలు అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస పేర్చాలి. వరుస వరుసకీ అంచుల్లో విత్తనం పెట్టి కందిపప్పు పొడి చల్లాలి. పైన గోనె కప్పి, తడి ఆరకుండా నీళ్లు చిలకరిస్తుంటే పది పన్నెండు రోజులకు గుడ్లలాంటి మొగ్గలు వస్తాయి.

"అక్కా, గడ్డి నానేంత కుండ నాకు లేదు. నీ గోలెం ఇస్తావా?" అంది. ఎన్నడూ అడగని మనిషి అడిగింది. నేను చేపలు ఊరేసే పెద్ద మట్టి గోలెం అది. మూడుసార్లు కడిగి ఇచ్చాను. ఇచ్చినా నోరు ఊరుకుందా? "మొలిస్తే నాకూ ఓ ముద్ద పెట్టవే," అని వెక్కిరించాను.

పన్నెండు రోజులు గడిచాయి. వరహాలమ్మ పొద్దున్నే గోనె ఎత్తేది, చూసేది, దించేది. పదమూడో నాడు దించలేదు. అలాగే పట్టుకుని నిలబడిపోయింది. లోపల సువర్ణ మంచానికి అతుక్కుపోయింది. "మొలిచాయా అమ్మా?" అని అడగడం కూడా మానేసింది.

"దేవుడికి నా ఒక్కదాని ఇల్లే కనపడిందా అక్కా?" అని వరహాలమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చి చూస్తే వాకిట్లో వరహాలమ్మ తిరిగిచ్చిన నా గోలెం. పిల్లకు వాసన తగులుతుందని నేను చేపలు ఊరేయడం ఆపేశాను, అది అలాగే బోర్లించి ఉంది. చుట్టూ తెల్లగా పూసింది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు! లోపల అంటుకున్న గడ్డిపోచ నమిలాను. అదీ ఉప్పే. ఏళ్ల తరబడి మట్టిలోకి దిగిన ఉప్పు మూడు కడుగుళ్లకు పోతుందా? ఉప్పు పడ్డ చోట గరిక కూడా మొలవదని తెలిసినదాన్ని, నా బుద్ధి ఏ గడ్డి తిందో!

చెబితే నా ముఖం చూస్తుందా? ఊరంతా వినపడే నా నోరు ఆ పూట పెగల్లేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, భయపడ్డాను.

మర్నాడు వరహాలమ్మే వచ్చింది. "సగం సీసా దాచానక్కా. ఇదే ఆఖరు. గోలెం ఇంకోసారి ఇవ్వు."

రోకలి తెచ్చి గోలెం మీద ఒక్కటి వేశాను. పెంకులు పెంకులైంది.

"నీ విత్తనాన్ని చంపింది ఇదేనే! దీని ఉప్పే! నిన్ననే తెలిసింది, చెప్పలేదు. తిట్టవే, కొట్టవే నన్ను!"

తిట్టలేదు. నా గడపలో ఉన్న బిందె అందుకుంది. "నీళ్లు మోద్దాం రా అక్కా," అంది.

భీమయ్య దోనెను ఒడ్డుకు లాగి, కడిగి, మంచినీటి బావి నుంచి ఇద్దరం బిందెలతో మోసి నింపాం. గడ్డి అందులో నానేశాం. ఆ పదిరోజులూ పిల్ల గొంతులో చెంచాతో గంజి పోస్తూ, సగం బయటికి వస్తుంటే తుడుస్తూ గడిపాం. పదకొండో నాడు గోనె ఎత్తితే గుప్పెడు మొగ్గలు. ముట్టుకోవడానికి కూడా భయపడింది వరహాలమ్మ.

కూర వండి, సువర్ణను ఒళ్లో కూర్చోబెట్టుకుని చిన్న ముద్ద పెట్టింది. పిల్ల నమిలింది. మింగింది. ముఖం చిట్లించింది.

"ఉప్పు వెయ్యలేదేంటే అమ్మా?" అంది సువర్ణ.

వెయ్యలేదు. ఆ పేరు చెబితేనే వరహాలమ్మకు హడలు పుట్టేది మరి. ఆమె నా వంక చూసింది. నేను భోరున ఏడుస్తూ మా ఇంటికి పరిగెత్తాను. గుప్పిట్లో ఉప్పు పట్టుకుని తిరిగొచ్చేసరికి పిల్ల రెండో ముద్దకు నోరు తెరుచుకుని కూర్చుంది.