బ్యాటరీకి పెట్టిన పసుపు

గనిలో లోడింగ్ పని మానేసి, మా ఆయన శబరి నది మీద మోటారు పడవ నడిపిన రోజులవి. సంతకు పోయేవాళ్లను దాటించేవాడు. ఒక ఎండాకాలం బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. స్విచ్ నొక్కితే మోటారు టక్కుమని ఊరుకునేది. ఫ్యూజు మార్చాడు, వైర్లు చూశాడు, చివరికి కొత్త బ్యాటరీ తెచ్చాడు. రెండు వారాలకు మళ్లీ అదే తంతు.

"ఇగ గనికే పోత," అన్నాడు. ఎర్ర దుమ్ము మింగి దగ్గుతూ వచ్చే మనిషిని మళ్లీ అక్కడికి పంపడానికి నాకు మనసొప్పలేదు.

సుక్మా నుంచి వచ్చిన మెకానిక్ బ్యాటరీ క్లిప్పు విప్పి, వేలితో గీరాడు.

"ఏందక్కా ఇది?"

"పసుపు. ప్రతి శుక్రవారం నూనెల కలిపి పెడత."

"క్లిప్పు విప్పి, దాని కింద గూడనా?"

"మొక్కేటప్పుడు పైపైన పెడతరా?"

అతను గీకి తుడిచి, క్లిప్పు బిగించాడు. మోటారు అందుకుంది. బ్యాటరీ పెట్టె మీద క్లిప్పులు శుభ్రంగా ఉంచమని హిందీలో రాసి ఉందట. అప్పటికి నాకు ఏ అక్షరాలూ రావు. మోటారు బాగుండాలని నేను పెట్టిందే దానికి కరెంటు అందనివ్వలేదు.

మా ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. పడవ ముందు చెక్క చూపించాడు.

"ఈడ పెట్టుకో, ఎంత పెడతవో పెట్టు."

తర్వాత అక్కడే పెట్టాను. ఆయన మళ్లీ గనికి పోలేదు.